డిస్కు జారితే మంచం పట్టాలా?

“డిస్కు జారింది” అన్న మాట చెవిన పడగానే ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోతారు. ఇక జన్మలో వంగకూడదని ఒకరు, ఆపరేషన్ చేయిస్తే కాళ్ళు పడిపోతాయని ఇంకొకరు, తలో మాటా అంటారు. రోగి కదిలితే ఏమవుతుందోనని నెలల తరబడి మంచం దిగడు. డిస్కు చేసే అపకారం కొంతయితే, ఈ భయమూ ఈ మంచమూ కలిసి చేసేది మరికొంత.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో నడుముకు పని ఎక్కువ. నాట్లు వేసే ఆడవాళ్ళు పొద్దస్తమానం వంగే ఉంటారు. ధాన్యం బస్తా 75 కిలోలు. దాన్ని వీపున వేసుకుని లారీకెక్కించే ముఠా కూలీ నడుము సంగతి వేరే చెప్పాలా? అలాగని గల్లాపెట్టె ముందు పదేసి గంటలు కూర్చునే షావుకారుకు రాదనుకోకండి. నిటారుగా నిలబడినప్పటి కంటే ముందుకు వంగి కూర్చున్నప్పుడే డిస్కు మీద ఒత్తిడి ఎక్కువ.

ఇంతకీ డిస్కు అంటే ఏమిటి? వెన్నుపూసకూ వెన్నుపూసకూ మధ్య ఉండే మెత్త. మొత్తం 23 ఉంటాయి. తాటిముంజెను తలుచుకోండి. పైన పొర, లోపల మెత్తని గుజ్జు. బొటనవేలితో పొడిస్తే నీరు చిమ్ముతుంది గదా! డిస్కు పైపొర ముంజె పొర కంటే ఎంతో గట్టిది. అయినా వయసుతో అరిగి, బరువెత్తుతూ నడుము మెలితిప్పినప్పుడు చిట్లితే, లోపలి గుజ్జు వెనక్కి ఉబికి పక్కనున్న నరాన్ని ఒత్తుతుంది. అంతేగాని డిస్కు మొత్తంగా చోటు తప్పి జారిపోదు. తుంటి నుంచి కాలికి లాగే నొప్పికి చాలామందిలో కారణం ఇదేనని అమెరికాలో మిక్స్టర్, బార్ అనే ఇద్దరు సర్జన్లు 1934లో ప్రకటించారు.

అయితే ప్రతి నడుము నొప్పీ డిస్కు కాదు. కండరం పట్టేస్తే నొప్పి చాలావరకు నడుములోనే ఉంటుంది. నరం ఒత్తుకుంటే పిరుదు నుంచి తొడ వెనకగా, పిక్క మీదుగా పాదం దాకా తీగ లాగినట్టు దిగుతుంది. దగ్గినా తుమ్మినా ఎక్కువవుతుంది. పాదంలో తిమ్మిరి, చీమలు పాకినట్టు ఉండటం కూడా ఉంటుంది. ఎక్కువగా దెబ్బతినేవి అడుగునున్న రెండు డిస్కులే. మడమల మీద, మునివేళ్ళ మీద నడిచి చూపించమని డాక్టరు అడిగేది అందుకే. ఆ నరాలు నడిపించే కండరాల్లో బలం తగ్గిందేమో అందులో తెలిసిపోతుంది.

ఇప్పుడు మంచం సంగతి. నెదర్లాండ్స్‌లో ఇలాంటి కాలి నొప్పి ఉన్న 183 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టును రెండు వారాలు పడుకోబెట్టారు. రెండో జట్టును ఓపినంతవరకు తిరగమన్నారు. ఫలితాలు 1999లో వెలువడ్డాయి. 12 వారాలయ్యేసరికి రెండు జట్లలోనూ 87 శాతం మందికి నయమనిపించింది. పడుకున్నవాళ్ళకు కలిసివచ్చిందేమీ లేదు. బయటికి ఉబికిన గుజ్జును శరీరమే నెమ్మదిగా కరిగించుకుంటుంది. పెద్ద ముక్క ఊడిపడ్డ వాళ్ళలో కూడా ఇది తరచు జరుగుతుంది.

కాబట్టి నొప్పి భరించలేని ఒకటి రెండు రోజులు పడుకోండి, తప్పులేదు. వెల్లకిలా పడుకుని మోకాళ్ళ కింద దిండు పెట్టుకుంటే హాయిగా ఉంటుంది. లేచేటప్పుడు తిన్నగా లేవకుండా, పక్కకు ఒత్తిగిలి, కాళ్ళు మంచం దించి, మోచెయ్యి ఆనించి లేవాలి. ఆ తర్వాత పూటకు పది నిమిషాలయినా చదునైన నేల మీద నడవాలి. బాపట్లవాళ్ళు సూర్యలంక వెళితే, కాళ్ళు దిగబడే పొడి ఇసుకలో కాక తడిసి గట్టిపడిన ఇసుక మీద నడవడం మేలు. చెక్కబల్ల మీద పడుకోనక్కరలేదు. వెన్ను కుంగిపోయే నులక మంచం మాత్రం మానండి, ఓ మోస్తరు గట్టి పరుపు చాలు.

ఇల్లాలికి విశ్రాంతి అంటే వంటింట్లోంచి వచ్చేదే. కత్తిపీట ముందు వంగి కూర్చునే బదులు గట్టు మీద కత్తితో కూరలు తరగాలి. నిండు బిందె చంకనెత్తుకోకుండా సగం సగం నీళ్ళు రెండు చేతులా తేవాలి. గొంతుక్కూర్చోవడం కష్టమైతే మధ్యలో కంత ఉన్న కుర్చీ దొడ్డిలో వేసుకోవచ్చు. బరువెత్తక తప్పకపోతే మోకాళ్ళు వంచి, వస్తువును పొట్టకు దగ్గరగా పట్టుకుని లేవండి. ఎత్తిన బరువుతో నడుము తిప్పకండి, పాదాలతో సహా తిరగండి.

వేడి కాపడం మంచిదే. నొప్పి మాత్రలు అన్నం తిన్నాకే వేసుకోవాలి. కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు, గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవాళ్ళు డాక్టర్ని అడగకుండా వేసుకోనే కూడదు. ఏం మందో తెలియకుండా వారం వారం సూది పొడిపించుకోవడం మరీ ప్రమాదం. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళచేత నడుము తొక్కించుకునే అలవాటు మన పల్లెల్లో ఉంది. చిట్లిన ముంజెను తొక్కిస్తే ఏమవుతుందో మీరే ఊహించండి!

స్కానింగు కాగితంలో “డిస్కు ఉబ్బింది” అని ఉన్నంత మాత్రాన హడలిపోనక్కరలేదు. అమెరికాలో నడుము నొప్పే లేని 98 మందికి ఎం.ఆర్.ఐ. తీస్తే, అన్ని డిస్కులూ మామూలుగా ఉన్నది 36 శాతం మందికే. ఇది 1994 నాటి మాట. ఆపరేషన్ చేస్తే కాళ్ళు పడిపోతాయన్నదీ అతిశయోక్తే. ఆరు వారాలు దాటినా కాలి నొప్పి తగ్గనివాళ్ళకు అది త్వరగా ఉపశమనం ఇస్తుంది. అయితే 2007లో వెలువడిన మరో నెదర్లాండ్స్ పరిశోధనలో, తొందరగా చేయించుకున్నవాళ్ళూ ఆగి చూసినవాళ్ళూ ఏడాది తిరిగేసరికి ఇంచుమించు ఒకే స్థితిలో ఉన్నారు. కనుక ఆలోచించుకోవడానికి వ్యవధి ఉంది.

వ్యవధి లేని సందర్భం ఒకటుంది. మలమూత్ర ద్వారాల చుట్టూ, తొడల లోపలివైపు మొద్దుబారినా, మూత్రం బిగిసిపోయినా, తెలియకుండా పడిపోతున్నా, రెండు కాళ్ళూ బలం తప్పుతున్నా తెల్లవారనిద్దాం అనుకోకండి. 108కి ఫోను చేసి, రేపల్లె నుంచైనా బాపట్ల నుంచైనా ఆ రాత్రే న్యూరోసర్జన్లుండే గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రికి చేరాలి. ఆలస్యమైతే మూత్రం మీద అదుపు తిరిగి రాకపోవచ్చు. పాదం పైకి లేవక చెప్పు జారిపోతున్నా ఆ రోజే చూపించాలి. నొప్పితో పాటు జ్వరం, బరువు తగ్గడం ఉంటే వెన్నుపూస క్షయ వంటివి కావచ్చు, పరీక్ష చేయించాలి.

ఆడవాళ్ళు మొద్దుబారిన చోటు చెప్పడానికి సిగ్గుపడి ఊరుకుంటారు. ఇంట్లో అత్తగారో తోడికోడలో నెమ్మదిగా అడిగి తెలుసుకోవాలి. ఆసుపత్రికి పంపేటప్పుడు పాత ఫిల్ములు, మందుల చీటీలతోపాటు ఆఖరుసారి మూత్రం ఎన్ని గంటలకు వచ్చిందో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. డాక్టరుకు అది ఎంతో అవసరం.