గాడి కడిగే దారం

రికార్డు మీద దుమ్ము కనబడగానే పంచె అంచుతోనో చీర చెంగుతోనో ఒకసారి తుడిచి ముల్లు పెట్టేయడం పాత అలవాటు. కంటికి రికార్డు నిగనిగలాడుతుంది, చెవికి మాత్రం చిటపట తగ్గదు. ఒక్కోసారి పెరుగుతుంది కూడా. గుడ్డ తుడిచేది గట్లను, ముల్లు నడిచేది గాడిలో. ఎల్పీ గాడి పైభాగాన వెడల్పు సుమారు 50 మైక్రాన్లు ఉంటుంది, అంటే తలవెంట్రుక కూడా సరిగా పట్టని సందు. గుడ్డలోని నూలు పోగు దానికి ఎన్నో రెట్లు లావు, కాబట్టి అది లోపలికి దిగదు. పైన ఉన్న మట్టిని కాలువలోకి తోసి గట్టు శుభ్రమైందని సంబరపడటమే తుడవడం. రికార్డు శుభ్రం చేయడంలో అసలు చిక్కు మురికిని కదిలించడం కాదు, కదిలిన మురికిని బయటికి తేవడం. బ్రష్షులు, ద్రావణాలు, యంత్రాలు ఎన్ని వచ్చినా, ఈ రెండో పనిని ఎలా చేశాయన్న దాన్ని బట్టే వాటి విలువ కట్టాలి.

అంత చిన్న నలుసు అంత పెద్ద చప్పుడు ఎలా చేస్తుందో ముందు చూద్దాం. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే రికార్డు ఒక చుట్టుకు 1.8 సెకన్లు తీసుకుంటుంది. బయటి అంచున ముల్లు కింద గాడి సెకనుకు 50 సెంటీమీటర్ల వేగంతో పరుగెడితే, లేబుల్ దగ్గరికి వచ్చేసరికి ఆ వేగం 21 సెంటీమీటర్లకు పడిపోతుంది. ఆ లోపలి గాడిలో 10,000 హెర్ట్జ్ స్వరానికి ఒక అల పొడవు 21 మైక్రాన్లే. తాళాల మోత, వీణ మీద గోరు తగిలిన చప్పుడు, పాటలో 'స', 'ష'ల అంచులు ఆ కొలతలోనే చెక్కి ఉంటాయి. ఇక 20 మైక్రాన్ల దుమ్ము కణం అక్కడ కూర్చుంటే అది నలుసు కాదు, ఒక అల. ఇది గాయకుడు పాడింది, ఇది గాలికి వచ్చి పడింది అని ముల్లుకు తేడా తెలియదు, రెండింటినీ ఒకే శ్రద్ధతో వినిపిస్తుంది. ఒక పక్క 20 నిమిషాలు మోగిందంటే గాడి పొడవు 400 మీటర్ల పైమాటే. అంత పొడవునా ఇలాంటి నలుసులు పేరుకోవడానికి చోటుకు కొదవ లేదు.

పొడిగా తుడిచి గెలవాలని చూసినవారిలో బ్రిటన్‌కు చెందిన సెసిల్ వాట్స్ ఘనుడు. ఆయన తయారుచేసిన 'డస్ట్ బగ్' ఒక బుల్లి చేయి. దాని కొసన సన్నటి కుంచె, మెత్తటి గుడ్డ చుట్ట ఉంటాయి. రికార్డు మోగుతుండగానే అది గాడుల మీద నడుస్తూ దుమ్మును ఏరుకుంటుంది. వదులుగా పడిన దుమ్ముకు అది చాలు. కానీ ఎల్పీని చేసే పీవీసీ రుణ విద్యుదావేశాన్ని ఇట్టే పోగుచేసుకునే ప్లాస్టిక్. దాన్ని పొడిగుడ్డతో రుద్దడమంటే గదిలోని ధూళిని బొట్టుపెట్టి పిలవడమే. పైగా వేళ్ల జిడ్డు, వంటింటి పొగ, సిగరెట్టు మసి కలిసిన మురికి పొడిగా రాలే రకం కాదు. దాని మీద ముల్లు ఎక్కి తొక్కుతుంది. ముల్లు బరువు గ్రామున్నరే అయినా అది ఆనే చోటు కొన్ని మైక్రాన్లే కాబట్టి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు వందల కిలోలకు తగ్గదు. రోడ్డు రోలరు కింద కంకరలాగా మురికి గోడలోకి దిగబడిపోతుంది. కాబట్టి నీళ్లు పోయక తప్పదు.

నీళ్లు పోస్తే ఏమవుతుంది? ఏమీ కాదు, చిక్కంతా అక్కడే. పీవీసీ మీద నీటిబొట్టు స్పర్శకోణం 80 డిగ్రీల పైన. తామరాకు మీద బొట్టంత కాకపోయినా, పరుచుకోవడానికి మొండికేస్తుంది. ఎల్పీ గాడి రెండు గోడలూ 90 డిగ్రీలతో 'వి' ఆకారంలో కలుస్తాయి. అలాంటి మూలలోకి ద్రవం తనంతట తాను పాకాలంటే స్పర్శకోణం 45 డిగ్రీల లోపు ఉండాలని జ్యామితి లెక్క. మంచినీళ్లు ఆ పరీక్షలో తప్పుతాయి, గాడి మీద వంతెన కట్టి కూర్చుంటాయి. తలతన్యతను మీటరుకు 72 మిల్లీన్యూటన్ల నుంచి 30 చిల్లరకు దించే పదార్థం చిటికెడు కలిపితే, అదే నీరు జారుకుంటూ మూల దాకా వెళుతుంది. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి ద్రావణంలోనూ అసలు సరుకు టెర్జిటాల్ అనే ఇలాంటి పదార్థమే. అందులో మహిమేమీ లేదు, నీటిని లోపలికి ఒప్పించే మధ్యవర్తి అంతే.

లోపలికి వెళ్లిన నీరు ఇప్పుడు బయటికి రానంటుంది. దాన్ని ఆరబెడితే? బోరు నీళ్ల బకెట్ అంచున మిగిలే తెల్లటి ఉప్పును చూసినవారికి జవాబు తెలుసు. నీరు ఆవిరవుతుంది, మురికి కాదు. 'వి' ఆకారపు గాడిలో అన్నిటికన్నా ఆఖరున ఆరేది అడుగు మూల, అప్పటిదాకా కరిగినదంతా అక్కడే పేరుకుంటుంది. ముల్లు ఆనేది గోడలకు కదా, అడుగున ఏముంటే ఏమిటని కొందరంటారు. వాదన బాగుంది, కొలతలే ఒప్పుకోవు. 18 మైక్రాన్ల వ్యాసార్థం గల గుండ్రటి ముల్లు ఆ గోడల మధ్య కూర్చుంటే దాని కొసకూ గాడి మూలకూ మధ్య మిగిలేది ఏడు మైక్రాన్ల ఎడమే. సన్నగా చెక్కిన ముళ్లు ఇంకా లోపలికి దిగుతాయి. అడుగున గట్టిపడిన మడ్డి అంతకన్నా మందమైతే ముల్లు దాని మీదే నడుస్తుంది.

ఈ చిక్కుకు నాకు తెలిసినంతలో అందమైన జవాబు ఒక దారం. పెర్సీ విల్సన్ బ్రిటన్‌లో 'ది గ్రామఫోన్' పత్రికకు సాంకేతిక సంపాదకుడు. ముల్లు గాడికి ఏ కోణంలో ఉండాలో 1924లోనే లెక్కలు కట్టి రాసినవాడు. వయసు మీరాక ఆయన మురికి మీద పడ్డాడు. ఆయన ఆలోచనను కీత్ మంక్స్ యంత్రంగా తయారుచేసి 1960ల చివర బయటికి తెచ్చాడు, బీబీసీ తన రికార్డుల కోసం దాన్ని కొనుక్కుంది. యంత్రం చూడటానికి ఇంకో రికార్డు ప్లేయరులాగే ఉంటుంది. తిరిగే పళ్లెం మీద రికార్డు పెట్టి, ద్రావణం పోసి, కుంచెతో గాడుల వెంట తిప్పుతారు. తర్వాత ఒక చేతిని లేబుల్ దగ్గర దించుతారు. దాని కొసన ముల్లు బదులు పెన్సిల్ మొనంత గొట్టం నోరు, వెనక సీసా, పంపు. గొట్టం నోరు రికార్డుకు తగిలితే గీత పడుతుంది, ఎత్తి పట్టుకుంటే గాలి పక్కల నుంచి దూరిపోయి నీరు అక్కడే ఉండిపోతుంది. అందుకే నోటికి అడ్డంగా సన్నటి దారం. రికార్డుకు ఆనేది దారమే, గొట్టం దాని మందమంత ఎత్తులో తేలుతుంది. ఆ ఇరుకు సందులోంచి గాలి ఉరికి గాడిలోని నీటిని ఊడ్చుకుపోతుంది. నీటిని గాడిలో పట్టి ఉంచే శక్తి వాతావరణ పీడనంలో ఒక శాతం చిల్లరే. కాబట్టి కావలసింది భీముడి బలం కాదు, ఆ కొద్ది బలాన్నీ సరిగ్గా గాడి నోటి దగ్గర పెట్టడం.

ఇందులో మురిపించే సంగతి మరొకటి ఉంది. ఆ దారం ఒకచోట ఆగదు. రీలులోంచి మెల్లగా వస్తూ, గొట్టం నోటి మీదుగా పాకి, మురికినీటితో పాటు లోపలికి పోతుంది. మొదటి గాడిలో తగిలిన చోటు ఆఖరి గాడిని తాకదు. శుభ్రం చేసే వస్తువు తానే మురికైతే ఎలా అన్నది గుడ్డ, కుంచె, స్పాంజి వేటికీ జవాబు దొరకని ప్రశ్న. విల్సన్ జవాబు, ప్రతి అంగుళానికీ కొత్త దారం. చేయి లోపలి నుంచి బయటికి కదలడంలోనూ తెలివి ఉంది. తిరిగే పళ్లెం నీటిని ఎలాగూ అంచు వైపు నెడుతుంది కాబట్టి, గొట్టం దాటిన చోటికి మురికి మళ్లీ వెనక్కి రాదు.

దీనికి ప్రత్యర్థి అమెరికాలో పుట్టింది. 1980ల మొదట్లో వీపీఐ సంస్థ తరఫున హ్యారీ వైస్‌ఫెల్డ్ తెచ్చిన యంత్రంలో గొట్టానికి నిలువునా చీలిక, దాని పెదవులకు మఖమలు పట్టీలు. అంచు నుంచి లేబుల్ దాకా ఒకేసారి పీల్చేస్తుంది, రెండు మూడు చుట్లకు రికార్డు పొడి. దారం యంత్రం ఒక పక్కకు నిమిషాలు తీసుకుంటుంది, ధర చూస్తే గుండె జారుతుంది. వేలకొద్దీ రికార్డులున్నవాడు చీలిక గొట్టం వైపు మొగ్గితే తప్పు పట్టలేం. కానీ అదే పీల్పును అంత పొడవునా పంచితే ఒక్కో గాడికి దక్కేది తక్కువ. మఖమలు నిన్నటి రికార్డు మురికిని ఇవాళ్టి రికార్డుకు అంటించే ప్రమాదమూ ఉంది. పట్టీలు తరచు మారిస్తే సరిపోతుందంటారు. నిజమే. కాకపోతే యంత్రం తానే చేసుకోవలసిన పనిని యజమాని జ్ఞాపకశక్తికి అప్పజెప్పడమే అది.

తర్వాత వచ్చినవాటి గురించి క్లుప్తంగానే చెప్పుకోవచ్చు. అల్ట్రాసోనిక్ తొట్టెలు నీటిలో బుడగలు పుట్టించి పగలగొట్టి మురికిని కదిలిస్తాయి. 40 కిలోహెర్ట్జ్ దగ్గర అనునాదంలో ఉండే బుడగ వ్యాసార్థం 80 మైక్రాన్లు, గాడికన్నా పెద్దది. ఎస్టోనియాలో తయారయ్యే డిగ్రిటర్ 120 కిలోహెర్ట్జ్‌కు వెళ్లడంతో అది 27కు తగ్గింది. కదిలించడంలో వీటికి సాటి లేదు. కానీ చాలావాటిలో రికార్డు ఫ్యాన్ గాలికి ఆరుతుంది, అంటే వడపోత ఎంత బాగుందో ఫలితమూ అంతే. వడ్రంగి తెల్లజిగురు పూసి ఎండాక పొరలా ఒలిచేసే ఇంటి వైద్యాన్ని చూసి నవ్వుతారు గానీ, అది మురికిని బయటికి మోసుకొచ్చే పద్ధతే. చిన్న ముక్క తెగి గాడిలో మిగిలిందంటే మాత్రం అంతే సంగతులు.

ఇదంతా భ్రమ, కడిగిన రికార్డు బాగా వినిపిస్తుందని నమ్మేవాడికి అలాగే వినిపిస్తుంది అనేవారికి ఒక గడియారం చాలు. 'టప్' మని ప్రతి 1.8 సెకన్లకు అచ్చంగా తిరిగొస్తుంటే అది చాలా వరకు గీత, దాన్ని ఏ యంత్రమూ కడగలేదు. లెక్కా జమా లేకుండా వచ్చే చిటపట మురికిది. కడిగాక మొదటిది అలాగే ఉండి రెండోది తగ్గితే అందులో నమ్మకానికి పనేముంది? తెరలు తొలగాయి, వేదిక విశాలమైందన్న వర్ణనలు మాత్రం నేను పక్కన పెడతాను. కంప్యూటర్లో చప్పుళ్లు తీసేయవచ్చు కదా అంటే, తీయవచ్చు. కానీ ముల్లు కింద మట్టి గోడల్ని అరగదీస్తూనే ఉంటుంది, సాఫ్ట్‌వేర్ దాన్ని ఆపదు.

పాత 78 రికార్డుల విషయంలో ఒక జాగ్రత్త. నాటకాల పద్యాలు, తొలినాటి సినిమా పాటలు మన ఇళ్లకు చేర్చిన ఆ నల్ల పళ్లాలు పీవీసీ కావు, రాతిపొడి కలిపిన లక్క. లక్క ఇల్లు నిప్పుకు లొంగింది, లక్క రికార్డు స్పిరిట్‌కు లొంగుతుంది. వడ్రంగి లక్కను స్పిరిట్‌లో కరిగించే కదా పాలిష్ చేసేది! ఎల్పీకి కొందరు వాడే ఆల్కహాల్ ద్రావణం వీటి మీద పోస్తే మురికితో పాటు పాటా కరిగిపోతుంది. స్పిరిట్ లేని ద్రావణం, కొద్దిసేపు తడి, వెంటనే పీల్చేయడం, దారం యంత్రానికి చేతనైన పని ఇదే. పని అయ్యాక సీసా అడుగున మడ్డి నీళ్లలో దారం తడిసి ముద్దగా పడి ఉంటుంది. సీసా నిండేలోగా పారబోయకపోతే ఆ నీళ్లు పంపులోకి ఎక్కుతాయి.