సదిశలతో తలాల సమస్యలు: ఒక చెరకు చేను లెక్క

ఈ భాగం చదివిన తరువాత మీరు మూడు బిందువుల గుండా పోయే తలం సమీకరణాన్ని రాయగలగాలి. నాలుగో బిందువు ఆ తలంలో ఉందో లేదో, లేకపోతే ఎంత దూరంలో ఉందో సూత్రం బట్టీ పట్టకుండానే చెప్పగలగాలి.

తరగతిలో నేను లంబదూరం సూత్రం అడిగితే చాలామంది తప్పు లేకుండా అప్పజెప్పేవారు. హారంలో వర్గమూలం ఎందుకు వచ్చిందని అడిగితే మాత్రం మౌనమే సమాధానం. లెక్క నేలమీద కనబడనప్పుడు సూత్రమే దిక్కవుతుంది. అందుకే మనం నేలతోనే మొదలుపెడదాం.

మంజీర నదిపై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీరు కాలువ గుండా బోధన్ ప్రాంతానికి వాలు మీదనే పారుతుంది. ఆ నీటితో పండిన చెరకును నమ్ముకొనే శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. ఫ్యాక్టరీ 2015లో మూతపడినా, పొలంలో నీరు పారే లెక్క ఏ పైరుకైనా ఒకటే.

సమస్య: ఒక చేను తూర్పుకు 100 మీటర్లు, ఉత్తరానికి 50 మీటర్లు ఉందనుకోండి. తూము నైరుతి మూల ‘క’ దగ్గర ఉంది. లెవెల్ పరికరంతో చూసిన మట్టాలను ఎత్తుగా తీసుకొని, ప్రతి మూలనూ (తూర్పు, ఉత్తరం, ఎత్తు) వరుసలో మీటర్లలో రాద్దాం.

క (0, 0, 1.00)
ఖ (100, 0, 0.80)
గ (0, 50, 0.90)
ఘ (100, 50, 0.82)

నీరు నాలుగు మూలలకూ సరిగా అందుతుందా?

మొదటి మెట్టు: ‘క’ నుంచి రెండు సదిశలు తీసుకోండి. కఖ = (100, 0, −0.2), కగ = (0, 50, −0.1). ఈ రెండింటి వజ్ర లబ్ధం (10, 10, 5000). ఇది రెండు సదిశలకూ లంబంగా ఉంటుంది. బిందు లబ్ధాలు సున్నా అవుతున్నాయో లేదో మీరే సరిచూసుకోండి. 10తో భాగిస్తే తలానికి అభిలంబం (1, 1, 500) వస్తుంది. ఈ రెండు లబ్ధాలను విడదీసి బోధించిన తొలి పుస్తకాల్లో ఒకటి గిబ్స్ 1881–84 మధ్య యేల్ విశ్వవిద్యాలయంలో తన విద్యార్థుల కోసం అచ్చు వేయించిన చిన్న పుస్తకమే.

రెండో మెట్టు: తలంలోని ఏ బిందువుకైనా ‘క’ నుంచి గీసిన సదిశ అభిలంబానికి లంబంగా ఉండాలి. తూర్పు దూరాన్ని త, ఉత్తర దూరాన్ని ఉ, ఎత్తును ఎ అంటే,
త + ఉ + 500(ఎ − 1) = 0
అంటే త + ఉ + 500ఎ = 500.

మూడో మెట్టు: కఘ = (100, 50, −0.18). అభిలంబంతో దీని బిందు లబ్ధం 100 + 50 − 90 = 60. సున్నా కాలేదు కాబట్టి ‘ఘ’ ఆ తలంలో లేదు. ఎంత దూరంలో ఉంది? అభిలంబం దిశలో కఘ సదిశ ఎంత పొడవు సాగిందో అదే లంబదూరం. బిందు లబ్ధంలో అభిలంబం పొడవు కూడా గుణకంగా కలిసి ఉంది. దాన్ని తీసివేయడానికే √(1 + 1 + 250000)తో భాగిస్తాం. హారంలోని వర్గమూలం అదే! 60ని సుమారు 500తో భాగిస్తే 0.12 మీటర్లు, అంటే 12 సెంటీమీటర్లు. గుర్తు ధనాత్మకం కనుక ‘ఘ’ తలానికి పైన ఉంది.

ఇప్పుడు అభిలంబాన్ని మళ్లీ చూడండి. దాని క్షితిజ సమాంతర భాగం (1, 1). తలం ఈశాన్యానికి వాలి ఉందని ఇది చెబుతుంది. అంటే నీరు వెళ్లాలనుకొనే మూలలోనే మిట్ట ఉంది. ‘ఘ’ మూల ‘ఖ’ కంటే 2 సెంటీమీటర్లు ఎత్తు. 50 మీటర్ల గట్టు మీద అంత తేడా కంటికి ఆనదు. కానీ నీరు ‘ఖ’ వైపు నిలిచి చెరకు వేళ్లకు చేటు చేస్తుంది, ‘ఘ’ దగ్గర పైరు ఎండుతుంది.

ఒక హెచ్చరిక: ఒకే సరళరేఖలో లేని ఏ మూడు బిందువులైనా ఒక తలాన్ని ఇస్తాయి. కాబట్టి మూడు మట్టాలు మాత్రమే చూసి చేను చదునుగా ఉందనడానికి వీల్లేదు. తప్పును పట్టిచ్చేది నాలుగో బిందువే. పరీక్షలో కూడా సమీకరణం రాగానే ఆగకండి, మూడు బిందువులనూ అందులో ప్రతిక్షేపించి చూడండి.

సారాంశం: తలం సమస్య ఏదైనా ముందు అభిలంబాన్ని కనుక్కోండి. సమీకరణం, లంబదూరం, రెండు తలాల మధ్య కోణం అన్నీ దాని నుంచే వస్తాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. ‘ఘ’ మట్టం 0.64 అయితే అది తలానికి పైన ఉందా, కింద ఉందా? ఎంత దూరంలో?
2. చేను నడిమధ్య మట్టం ఎంత ఉంటే అది తలంలో ఉంటుంది?

జవాబులు: 1. బిందు లబ్ధం −30. కింద, సుమారు 6 సెంటీమీటర్లు. 2. 0.85 మీటర్లు.