పేరు చెప్పినందుకు ఎంత?

సూరత్‌లో ఉధనా స్టేషన్ దిగి నవాగామ్, డిండోలీ వైపు నడిస్తే గుజరాతీ, మరాఠీ, హిందీల మధ్య తెలుగు కూడా చెవిన పడుతుంది. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి మగ్గాల పని కోసం వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఈ చుట్టుపక్కలా, లింబాయత్‌లోనూ ఉన్నాయి. కొత్తగా వచ్చినవాళ్లు ఏదైనా అడిగే తెలుసుకుంటారు. బియ్యం ఎక్కడ బాగుంటాయి? జాకెట్ కొలతకు తగ్గట్టు కుట్టేదెవరు? పిల్లాడిని ఏ ట్యూషన్‌లో వేయాలి? "పోయి నా పేరు చెప్పు కాకా, మంచిగ చూస్తడు" అంటాడు ముందొచ్చినవాడు.

ఆ పేరు విని దుకాణదారు ఒక చాయ్ తాగిస్తాడు, పండక్కి ఓ మిఠాయి డబ్బా ఇస్తాడు. చాలాకాలం లెక్క అక్కడితో సరిపోయింది. ఇప్పుడు "మనిషిని తీసుకొస్తే ఇంత" అని రేటు కట్టి చెప్పాలనుకునే చిన్న దుకాణాలు ఎక్కువవుతున్నాయి. ఆలోచన మంచిదే. కానీ ఎంత ఇవ్వాలి, ఎప్పుడివ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అన్నవి తేల్చుకోకుండా మొదలుపెడితే లాభం పోయి, చుట్టరికం కూడా చెడుతుంది.

ఈ విద్య నేర్చుకోవడానికి నవాగామ్ వాళ్లు దూరం పోనక్కర్లేదు. రింగ్ రోడ్డు మీద బట్టల మార్కెట్లు ఉన్నాయి. అక్కడ వ్యాపారం చాలావరకు ఆడతియాల, అంటే కమీషన్ ఏజెంట్ల, చేతుల మీదుగానే నడుస్తుంది. వేరే రాష్ట్రం నుంచి సరుకుకోసం వచ్చిన వ్యాపారిని ఆడతియా నాలుగు దుకాణాలు తిప్పుతాడు. సరుకు ఎంపికలో పక్కన కూర్చుంటాడు, పార్సిల్ వెళ్లేదాకా చూస్తాడు. అతని అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. సరుకు అప్పు మీద వెళుతుంది, డబ్బు నెలల తర్వాత వస్తుంది. రాకపోతే సూరత్ వ్యాపారి ఫోన్ చేసేది కొన్నవాడికి కాదు, ముందు ఆడతియాకే. మహిధర్‌పురా సందుల్లో కాగితం పొట్లాల్లో వజ్రాలు పట్టుకు తిరిగే దలాల్ సంగతీ అంతే. లక్షల విలువైన పొట్లం అతని చేతికి వచ్చేది అతని మాట మీదే.

అంటే సూరత్‌లో దలాలీ దారి చూపించినందుకు ఇచ్చే కూలి కాదు. మధ్యలో నిలబడినందుకు ఇచ్చేది. వీధి చివర చీరల దుకాణం పెట్టుకున్నవాడు ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతావన్నీ దాని వెంటే వస్తాయి. "ఫలానా దుకాణం అటు" అని వేలు చూపించినవాడికీ, పక్కింటి వదినెను వెంటబెట్టుకొచ్చి, రేపు రంగు వెలిస్తే మాట పడడానికి సిద్ధపడినవాడికీ ఒకే రేటు ఉండకూడదు.

ఇక లెక్కకు వద్దాం. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. అమ్మకం మీద నూటికి పది అని నోటికొచ్చిన అంకె చెప్పేస్తారు. మూడు వేల రూపాయల చీర అనుకుందాం. కొన్నది 2,250కి. పైన మిగిలేది 750. అద్దె, కరెంటు, పనిపిల్ల జీతం ఆ చీర వాటాకు 400 పడ్డాయనుకుంటే చేతికొచ్చేది 350. అందులో నూటికి పది చొప్పున 300 కమీషన్ పోతే మిగిలింది 50 రూపాయలు. "ఫలానావాళ్లు పంపారు" అని కొనేవాళ్లకు కూడా నూటికి ఐదు తగ్గిస్తే ఇంకో 150 పోయి, ఆ చీర మీద వంద నష్టం. దుకాణం మాత్రం కిటకిటలాడుతూనే ఉంటుంది! అందుకే కమీషన్‌ను అమ్మకం మీద కాకుండా మిగులు మీద కట్టాలి. 350 మిగిలేచోట 70 నుంచి 100 దాకా ఇవ్వవచ్చు. కొన్న మనిషి మళ్లీ మళ్లీ వస్తుందన్న నమ్మకం ఉంటే కాస్త ఎక్కువే ఇవ్వవచ్చు.

ఇంకో లొసుగు ఉంది. పేరు చెప్పి వచ్చిన పదిమందిలో నలుగురు ఎలాగూ వచ్చేవాళ్లే కావచ్చు, దారిలో బోర్డు చూసో, పండగ సరుకు కోసమో. పదిమందికీ 120 చొప్పున 1,200 ఇచ్చారనుకోండి. నిజంగా కొత్తగా దొరికినవాళ్లు ఆరుగురే కాబట్టి ఒక్కొక్కరి ఖరీదు 200 అయింది. ఆ 200 గిట్టుబాటవుతుందా అన్నదే అడగాల్సిన ప్రశ్న.

అన్ని వ్యాపారాలకూ ఇది పనికిరాదు. కిరాణాలో బియ్యం, నూనెల మీద మిగిలేదే కొంచెం, అందులో ఇంకొకరికి వాటా పెట్టడానికి చోటుండదు. ట్యూషన్, డ్రైవింగ్ స్కూల్, జిమ్, బ్యూటీ పార్లర్ లాంటి చోట్ల ఉంటుంది. కూర్చోబెట్టే గది, కుర్చీ ముందే ఉన్నాయి, ఒక మనిషి పెరిగితే ఖర్చు పెద్దగా పెరగదు. నెలకు 800 ఫీజు కట్టే పిల్లవాడు పది నెలలు చదివితే 8,000 వస్తుంది. పంపినవాళ్లకు 400 ఇవ్వడం దండగేం కాదు. అయితే చేరిన రోజున కాదు, రెండో నెల ఫీజు కట్టాక ఇవ్వాలి.

ఎప్పుడివ్వాలన్నదానికి చట్టం కూడా ఇదే దారి చూపిస్తుంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 219వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే ఏజెంటుకు ప్రతిఫలం పని పూర్తయ్యాకే రావాలి. పక్కనే ఉన్న 220వ సెక్షన్ పనిలో అక్రమంగా నడుచుకున్నవాడికి ఆ భాగానికి ప్రతిఫలం దక్కదంటుంది. సూరత్ మార్కెట్‌లో డబ్బు చేతికొచ్చాకే దలాలీ అనే పద్ధతికి ఇది చక్కగా సరిపోతుంది. మన చీరల దుకాణంలో అయితే, వాపసు గడువు దాటాక ఇవ్వాలి. లేకపోతే చీర తిరిగొస్తుంది, కమీషన్ తిరిగిరాదు.

గొడవలన్నీ గుర్తు పెట్టుకోవడంలోనే. "నేనే పంపిన" అని ఇద్దరు వస్తే ఎవరికి? దీనికి కంప్యూటర్ అక్కర్లేదు. నంబరు వేసిన చీటీల పుస్తకం చాలు. పంపేవాళ్లు చీటీ ఇచ్చి పంపుతారు, కొనేవాళ్లు అది గల్లా దగ్గర ఇస్తారు, నోటు పుస్తకంలో తేదీ, నంబరు, ఎంత అమ్మకం అన్నవి ఎక్కుతాయి. చీటీ ఎవరిదైతే కమీషన్ వారిదే. ముప్పై రోజులు దాటిన చీటీ చెల్లదు. అప్పటికే ఖాతా ఉన్న మనిషి చీటీ తెస్తే లెక్కలోకి రాదు. ఈ మాటలు ముందే గోడ మీద రాసిపెడితే తర్వాత మొహమాటం ఉండదు. చెల్లింపు యూపీఐలో చేస్తే అదే రశీదు.

పన్ను గురించి ఒక్క మాట. ఒకరికి ఒక ఆర్థిక సంవత్సరంలో ఇచ్చే కమీషన్ 20,000 దాటితే నూటికి రెండు చొప్పున టీడీఎస్ కోయాలి. ఈ రేటు 2024 అక్టోబరు నుంచి, ఈ పరిమితి 2025 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చాయి. సొంత పేరుతో నడిచే వ్యాపారమైతే, అంతకుముందు ఏడాది అమ్మకాలు కోటి దాటినప్పుడే ఈ బాధ్యత. వీధి దుకాణాలు చాలావరకు దీని కిందికి రావు.

అడుగు పెట్టకూడని చోట్లు మాత్రం ఉన్నాయి. డాక్టర్ల ప్రవర్తనపై 2002లో వచ్చిన నిబంధనలు రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వడాన్నీ, పుచ్చుకోవడాన్నీ నిషేధించాయి. మన పల్లెల్లో ఆర్ఎంపీకి ల్యాబు వాటా ఎలా అందుతుందో తెలియనివారు తక్కువ. చీర దగ్గర కమీషన్ దుకాణం లాభంలోంచి పోతుంది. ఇక్కడ అక్కర్లేని రక్తపరీక్ష రూపంలో కూలివాడి జేబులోంచి పోతుంది. ఇల్లో, ఫ్లాటో అమ్మిపెట్టి కమీషన్ తీసుకోవాలంటే, 2016 రియల్ ఎస్టేట్ నియంత్రణ (రెరా) చట్టం కిందికొచ్చే ప్రాజెక్టుల్లో ఏజెంటుగా నమోదై ఉండాలి. బీమా పాలసీ చేయించడానికి కమీషన్‌లో వాటా ఇస్తామని ఆశ పెట్టడం 1938 బీమా చట్టం ప్రకారం నిషిద్ధం.

అన్నిటికన్నా జారుడు మెట్టు గొలుసు. "నువ్వు తెచ్చినవాడు ఇంకొకరిని తెస్తే అందులోనూ నీకు వాటా" అన్న క్షణాన చీరల దుకాణం వేరే వ్యాపారమైపోతుంది. డబ్బు చలామణి పథకాలను 1978లోనే చట్టం నిషేధించింది. ఆమ్వే పథకం దాని కిందికే వస్తుందని 2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. 2021 డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు పిరమిడ్ పథకాలను నిషేధించాయి. కాబట్టి మీ చీటీ ఒక్క మెట్టు దగ్గరే ఆగాలి. కొన్న వస్తువుకే కమీషన్, చేర్చిన మనిషికి కాదు.

చివరికి మిగిలే చిక్కు డబ్బుది కాదు, మొహానిది. వదినెను దుకాణానికి తీసుకొచ్చినందుకు నాకు వంద వచ్చిందని ఆమెకు రేపు తెలిస్తే? దాచాం కాబట్టే అది తప్పులా కనిపిస్తుంది. ప్రకటనల్లో డబ్బు తీసుకుని వస్తువును మెచ్చుకునేవాళ్లు ఆ సంబంధాన్ని చెప్పి తీరాలని 2022 జూన్‌లో కేంద్రం మార్గదర్శకాలు తెచ్చింది. రీల్స్ చేసే కుర్రాడికి వర్తించే ఆ మాట గల్లీలో వదినె దగ్గరా చెల్లుతుంది. చీటీ మీదే రాసేయొచ్చు: "ఈ చీటీ ఇచ్చినవారికి మేము కొంత ఇస్తాం. మీ ధర మాత్రం మారదు." రెండో వాక్యం నిజం కావాలి. పేరు చెప్పి వచ్చిన మనిషికి వంద ఎక్కువ చెప్పి, ఆ వందే పంపినవాడికిచ్చే దుకాణానికి ఆ గల్లీలో రెండో దీపావళి ఉండదు.

దీపావళి అన్నాను కదా. గుజరాత్‌లో ఆ రోజు చోప్‌డా పూజన్ చేసి కొత్త లెక్కల పుస్తకం తెరుస్తారు, లాభ్ పాంచమ్ నాడు షట్టర్లు మళ్లీ లేస్తాయి. మధ్యలో మగ్గాలు ఆగుతాయి, చాలామంది ఊళ్ల దారి పడతారు. సూరత్‌లో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వరంగల్‌లో దిగేవాడికి చేతిలో డబ్బు కావలసింది ఆ వారమే. చీటీల బాకీ పాత పుస్తకంలో ఉండగానే తీర్చేయండి.