మీకు తెలుసా? పెరటి చెత్తకు డంప్‌స్టర్ ఎంచేది గజాలు కాదు, టన్నులు

అమెరికాలో సొంతిల్లు కొనుక్కున్న మనవాళ్ళు చాలామంది మొదటి రెండు మూడేళ్ళలోనే పెరడు మీద చెయ్యి వేస్తారు. అంతకుముందున్నవాళ్ళు పెంచిన పొదలు తీయించి గోంగూరకూ బెండకూ మళ్ళు కట్టుకోవాలని కొందరికి. పచ్చిక ఎత్తేసి రాతి పలకలు పరిపించాలని మరికొందరికి. పని సగంలో ఉండగా అసలు సమస్య ఎదురవుతుంది: ఈ కొమ్మలూ మట్టీ ఎక్కడికి పంపాలి? డ్రైవ్‌వేలో డంప్‌స్టర్ దించి, నిండాక వచ్చి ఎత్తుకుపోయే అద్దె సేవలు దాదాపు ప్రతి ఊళ్ళో ఉన్నాయి. ఫోన్ చేస్తే అవతలివాళ్ళు ముందుగా "ఎన్ని గజాలది కావాలి?" అనే అడుగుతారు. దానికి వెంటనే జవాబు చెప్పకండి. అందులో ఏం పడుతుంది, అది చివరికి ఎక్కడికి చేరుతుంది అన్నది తేలాకే గజాల సంగతి.

500 చదరపుటడుగుల పచ్చికను వేళ్ళతో సహా 3 అంగుళాల లోతున పెళ్ళలుగా తీస్తే ఎంత తూగుతుందో తెలుసా? లెక్క కష్టం కాదు. 3 అంగుళాలంటే పావు అడుగు, కాబట్టి వచ్చేది 125 ఘనపుటడుగులు. నేలలో బిగిసి ఉన్న మట్టి ఘనపుటడుగుకు సుమారు 100 పౌన్లు ఉంటుంది. పచ్చిక వేళ్ళున్న పైపొర అంతకన్నా తేలిక కనుక 80 వేసుకుందాం. అప్పుడు కూడా 10,000 పౌన్లు, అమెరికా లెక్కలో 5 టన్నులు. పరిమాణం మాత్రం 5 ఘనపు గజాల లోపే. తవ్వాక గుల్లబారి 6 దాకా పెరిగినా, 10 గజాల డంప్‌స్టర్‌లో సగానికి కాస్త పైకి వస్తుంది. కంటికి ఇంకా బోలెడు చోటు కనిపిస్తుంది. కాటా మాత్రం నిండిపోయిందని చెబుతుంది.

ఎక్కువమంది దెబ్బ తినేది సరిగ్గా ఇక్కడే. మామూలు 20 గజాల డంప్‌స్టర్ అద్దెలో కలిపి ఇచ్చే బరువు చాలాచోట్ల 2, 3 టన్నులు మాత్రమే. దాటిన ప్రతి టన్నుకూ విడిగా వసూలు చేస్తారు, కొన్నిసార్లు లారీ డ్రైవరు వచ్చి చూసి ఎత్తనని వెళ్ళిపోతాడు. అది మొండితనం కాదు. అంతర్రాష్ట్ర రహదారుల మీద లారీ మొత్తం బరువు 80,000 పౌన్లు దాటకూడదని ఫెడరల్ చట్టం. ఇరుసుల సంఖ్యా వాటి మధ్య దూరమూ చూసి, పొట్టి లారీలకు అంతకన్నా తక్కువే అనుమతిస్తారు. బరువు మించితే జరిమానా, బ్రేకులు పట్టకపోతే ప్రాణాపాయం.

అదే 20 గజాల డబ్బాను ఒట్టి కొమ్మలూ రెమ్మలతో నింపండి. ఘనపు గజానికి 150 పౌన్లకు మించవు కాబట్టి అంచు దాకా నింపినా టన్నున్నరే. అందుకే మట్టికీ రాళ్ళకూ చిన్న డంప్‌స్టర్, కొమ్మలకూ ఆకులకూ పెద్దది. విన్నప్పుడు తలకిందులుగా అనిపిస్తుంది కానీ ఈ పనిలో ఉన్నవాళ్ళు పాటించే మొదటి సూత్రం ఇదే. మట్టి కోసం ప్రత్యేకంగా 10 గజాలది, ఎక్కువ టన్నుల అనుమతితో, చాలామంది దగ్గర దొరుకుతుంది. మట్టి అని ముందే చెప్పి అడగాలి.

10, 15, 20, 30, 40 గజాలు అనేవి డంప్‌స్టర్ల మామూలు కొలతలు. ఇక్కడ గజం అంటే ఘనపు గజం, 27 ఘనపుటడుగులు. 20 గజాలదీ, 30దీ, 40దీ నేల మీద ఆక్రమించే చోటు దాదాపు ఒకటే అని తెలుసా? మూడూ ఇంచుమించు 22 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు. తేడా గోడల ఎత్తులో ఉంది: 20దానికి నాలుగున్నర అడుగులు, 30దానికి 6, 40దానికి 8. ఎనిమిది అడుగుల గోడ మీదుగా పచ్చి కొమ్మలు విసరడం వయసులో ఉన్నవాళ్ళకే కష్టం. వెనక తలుపు తెరుచుకుంటుంది కదా, ముందు అటు నుంచి లోపలికి నడిచి బరువైనవి అడుగున సమంగా పరుచుకుంటూ రండి. తలుపు వేశాకే పైనుంచి వేయడం. కొమ్మలను మూడు నాలుగు అడుగుల ముక్కలుగా కోసి ఒకే వైపు పేరిస్తే, విసిరిపారేసినదానికన్నా చాలా ఎక్కువ పడుతుంది.

డబ్బాను లారీ నుంచి వేరు చేసి, ఇంటి దగ్గర వదిలి, నిండాక యంత్రంతో ఎత్తుకుపోవచ్చన్న ఆలోచనకు 1930లలో వాడుకలోకి వచ్చే రూపం ఇచ్చింది టెనెసీ రాష్ట్రం నాక్స్‌విల్‌లోని డెంప్‌స్టర్ సోదరులు. వాళ్ళలో జార్జ్ డెంప్‌స్టర్ 1950లలో ఆ ఊరి మేయరు కూడా అయ్యాడు. అంతకుముందు చెత్త నింపుతున్నంతసేపూ లారీ నిలబడే ఉండాల్సి వచ్చేది.

ఇక ఈ చెత్త ఎక్కడికి వెళుతుంది? చాలామంది అడగని ప్రశ్న ఇది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే. ఇలినాయ్ రాష్ట్రం 1990 జులై 1 నుంచి పెరటి చెత్తను ల్యాండ్‌ఫిల్‌లో వేయడం నిషేధించింది. నార్త్ కరోలినాలో 1993 నుంచి అదే నియమం. విస్కాన్సిన్, మిషిగన్, మసాచుసెట్స్ ఇలా ఇరవైకి పైగా రాష్ట్రాలు ఏదో ఒక స్థాయిలో నిషేధం పెట్టాయి. టెక్సస్‌లో రాష్ట్రమంతటికీ అలాంటి నిషేధం లేదు. అందువల్ల షికాగో శివార్లలో ఉన్న అన్నకు వర్తించే నియమం డల్లాస్‌లో ఉన్న చెల్లెలికి వర్తించకపోవచ్చు. వాట్సాప్ గ్రూపులో వచ్చిన సలహాను మీ కౌంటీ నిబంధనతో సరిచూసుకోవాలి.

నిషేధం ఎందుకంటే, గాలి ఆడకుండా పూడ్చిన ఆకులూ గడ్డీ కుళ్ళి మీథేన్ వదులుతాయి. నూరేళ్ళ లెక్కన ఆ వాయువు భూమిని వేడెక్కించే శక్తి కార్బన్ డయాక్సైడ్‌కు 28 రెట్లు. పర్యావరణ సంస్థ ఇ.పి.ఎ. లెక్కల ప్రకారం 2018లో అమెరికాలో పెరటి చెత్త 3.54 కోట్ల టన్నులు. ఊళ్ళ చెత్త మొత్తంలో అది 12.1 శాతం. అందులో 2.23 కోట్ల టన్నులు, అంటే నూటికి 63 పాళ్ళు, కంపోస్టుగానో మల్చ్‌గానో మారింది. 1990లో ఇలా మళ్ళీ నేలకు చేరింది 42 లక్షల టన్నులే. మూడు దశాబ్దాలు నిండకుండానే ఐదు రెట్లు దాటింది. చట్టం పెట్టి, ఊరూరా కంపోస్టు యార్డులు తెరిస్తే మార్పు వస్తుందనడానికి ఇంతకన్నా గట్టి రుజువు ఏం కావాలి?

ఇక్కడి నుంచి డంప్‌స్టర్ లోపలికి రండి. ఒకే డబ్బాలో కొమ్మలు, మట్టి, పగిలిన కాంక్రీటు, ప్లాస్టిక్ కుండీలు కలిపేస్తే ఆ మొత్తం ఏ దారికీ పనికిరాదు. ఒట్టి కొమ్మలైతే మరపట్టి మల్చ్ చేస్తారు. శుభ్రమైన మట్టయితే గుంతలు పూడ్చడానికి తీసుకుంటారు. కలిసిపోతే ల్యాండ్‌ఫిల్లే గతి, లేదంటే వెనక్కి పంపడం, రెండింటికీ మీ జేబు నుంచే ఖర్చు. మట్టి అంటుకున్న పెద్ద మొద్దులను చాలామంది తీసుకోరు, వాటిని నేలలోనే పొడి చేయించడం మేలు. ఆకులు ప్లాస్టిక్ సంచుల్లో కడితే కంపోస్టు యార్డు తిరస్కరిస్తుంది, కాగితపు సంచులే వాడాలి. కలుపు రాకుండా నేల మీద పరిచే నల్లగుడ్డ కూడా చెక్క చెత్తలో కలవకూడదు.

పాత ఇళ్ళ పెరళ్ళలో మళ్ళ చుట్టూ పేర్చిన దుంగల సంగతి వేరు. 2003 చివరి వరకు ఇంటి వాడకానికి అమ్మిన పచ్చని ఛాయ కలపలో చాలా భాగం క్రోమియం, రాగి, ఆర్సెనిక్ కలిసిన మందులో నానబెట్టినది. ఆ తర్వాత ఇళ్ళకు దాన్ని ఆపేశారు. పాత రైలుపట్టాల కింది దుంగలకైతే క్రియోసోటు పట్టించి ఉంటుంది. ఇవేవీ మల్చ్‌లో కలవకూడదు, కాల్చకూడదు, కూరమడి గట్టుకు మళ్ళీ వాడకూడదు. ఇవి ఉన్నాయని ముందే చెప్పి, ఎక్కడ తీసుకుంటారో కనుక్కోండి.

మీ పెరటి కొమ్మ కౌంటీ దాటడం కొన్నిచోట్ల నేరం కూడా అని తెలుసా? 2002లో డెట్రాయిట్ దగ్గర బయటపడ్డ ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చని పురుగు, వంటచెరకుతో పాటు ప్రయాణం చేసి కోట్ల యాష్ చెట్లను చంపింది. 2014లో పెన్సిల్వేనియాలోని బెర్క్స్ కౌంటీలో కనిపించిన స్పాటెడ్ లాంటర్న్‌ఫ్లై ఇప్పుడు న్యూజెర్సీ తోటల్లోనూ ఉంది. శరదృతువులో అది చెట్టు బెరడు మీదా రాళ్ళ మీదా ఎండిన బురద పూసినట్టు గుడ్లు పెడుతుంది. కొట్టిన కొమ్మలు ఎక్కించే ముందు ఆ గుడ్లున్నాయేమో చూసి గీకి పారేయాలి. టెక్సస్‌లో ఎర్రచీమల క్వారంటైన్ ఉన్న కౌంటీల నుంచి మట్టినీ పచ్చిక పెళ్ళలనూ బయటికి తరలించడానికి ఆంక్షలున్నాయి. అందుకే "ఎంత?" అని ధర అడిగినప్పుడే "ఏ యార్డుకు తీసుకెళతారు?" అని కూడా అడగాలి.

టెక్సస్‌లో ఓక్ చెట్లున్నవాళ్ళు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఫిబ్రవరి నుంచి జూన్ వరకు ఓక్ కొమ్మలు కొట్టవద్దని అక్కడి అటవీ సర్వీసు చెబుతుంది. పచ్చి గాయాల మీద వాలే పురుగులు ఓక్ విల్ట్ అనే తెగులును మోసుకొస్తాయి. డంప్‌స్టర్ తేదీ ఖాయం చేసుకునే ముందు ఈ నెలలు చూసుకోండి.

కూరమళ్ళు పెట్టేవాళ్ళ కోసం ఒక హెచ్చరిక. 2000 ప్రాంతంలో వాషింగ్టన్ రాష్ట్రం స్పోకేన్‌లో ఊరి కంపోస్టు వాడిన తోటల్లో టమాటా, చిక్కుడు జాతి మొక్కలు ముడుచుకుపోయాయి. పచ్చికలో కలుపు చావడానికి చల్లిన క్లోపిరాలిడ్ అనే మందు, కంపోస్టు వేడికి కూడా నశించకుండా మిగిలిపోవడమే కారణం. మామూలుగా కంపోస్టు కుప్ప లోపల 55 డిగ్రీల సెల్సియస్ వేడి నిలబెడితే రోగక్రిములూ కలుపు గింజల్లో చాలా భాగమూ చస్తాయి, ఈ మందు చావలేదు. మందు కొట్టిన గడ్డి కోతలను పెరటి చెత్తలో కలపకపోతే, మనకు తెలియని ఎవరిదో వంకాయ మడి బతుకుతుంది.

డబ్బా దించడానికి లారీకి తిన్నగా దాదాపు 60 అడుగుల చోటు కావాలి, పైన తీగలూ కొమ్మలూ ఉండకూడదు. ఇనుప చక్రాల కింద పలకలు వేయించకపోతే డ్రైవ్‌వే గీసుకుపోతుంది. వీధిలో పెట్టాలంటే చాలా ఊళ్ళలో అనుమతి కావాలి, ఇంటి యజమానుల సంఘాలకు తమ నియమాలు ఉంటాయి. ఇక పార పట్టేముందు 811కు ఫోన్ చేయాలి. 2007 నుంచి దేశమంతటా ఇదే నంబరు. గ్యాసు, కరెంటు, ఇంటర్నెట్ తీగలు ఎక్కడున్నాయో ఉచితంగా వచ్చి రంగు గీతలు వేసి వెళతారు, కాబట్టి కొన్ని పనిదినాలు ముందే చెప్పాలి.

అసలు డంప్‌స్టరే అక్కర్లేని ఇళ్ళూ ఉన్నాయి. ప్లేనో నగరం పెరటి చెత్తను కంపోస్టు చేసి టెక్సస్ ప్యూర్ పేరుతో అమ్ముతుంది. ఫ్రిస్కో, అలెన్, మెకిన్నీ, రిచర్డ్‌సన్‌ల పెరటి చెత్త కూడా ఆ వ్యవస్థలోకే చేరుతుంది. మన తెలుగువాళ్ళు కిక్కిరిసి ఉన్న ఊళ్ళే ఇవన్నీ. వారం వారం ఊరి బండికి ఇవ్వగలిగినంతే ఉంటే అద్దె దండగ. గడ్డి కోతలనైతే సంచికే ఎత్తకండి. కోసినచోటే వదిలితే కొన్నాళ్ళకు నేలలో కలిసి, పచ్చికకు కావలసిన ఎరువులో పావు వంతు వరకు అవే ఇస్తాయి.

అద్దెకు తెచ్చుకోక తప్పనివాళ్ళు ముందు చెట్లు కొట్టించి, పొదలు తీయించి, చెత్తను రకాల వారీగా కుప్పలు పెట్టించాకే డంప్‌స్టర్ రప్పించండి. అద్దె రోజులు ఖాళీ డబ్బాకు పోవు. పచ్చి గడ్డి మూసుకుపోయిన డబ్బాలో రెండు మూడు రోజులకే వేడెక్కి కంపు కొడుతుంది కనుక అది చివర పడాలి. వాన సూచన ఉంటే టార్పాలిన్ కప్పండి: తడిసిన మట్టిలోని నీళ్ళకు కూడా టన్నుల లెక్కనే కట్టాలి. గోడ అంచు దాటి ఒక్క కొమ్మ కూడా పైకి రాకుండా చూసుకోండి, పైన గుడ్డ కప్పడానికి వీల్లేని బండిని డ్రైవరు రోడ్డెక్కించలేడు.