పదిమంది బుద్ధి

పదిమంది కలిసి చేసిన ఆలోచనలో పొరపాటు తక్కువని పెద్దలంటారు. కాని పదిమందీ కలిసి పొరబడిన సందర్భాలు కూడ లోకంలో తక్కువేమీ కావు. జనసమూహం ఒకప్పుడు వివేకాన్ని, మరొకప్పుడు అవివేకాన్ని చూపడానికి కారణమేమి?

1906వ సంవత్సరంలో ఇంగ్లండులోని ప్లిమత్ పట్టణంలో పశు ప్రదర్శన జరిగినది. అక్కడ బలిసిన ఎద్దు నొకదానిని నిలిపి, కోసి శుభ్రపరచిన పిమ్మట దాని మాంసం ఎంత తూగుతుందో చెప్పవలసినదిగా పందెం పెట్టినారు. ఆరు పెన్నీలకు చీటీ కొన్నవారు తమ అంచనాను దానిపై వ్రాసి ఇచ్చినారు. వారిలో కసాయివారు, రైతులు ఉన్నారు. పశువుల సంగతి అంతగా తెలియనివారూ ఉన్నారు. 84 ఏండ్ల శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ ఆ చీటీలను తెప్పించుకొని, సరిగా ఉన్న 787 అంచనాలను చిన్న సంఖ్య మొదలు పెద్ద సంఖ్య వరకు వరుసగా పేర్చి చూచినారు. నట్టనడుమ నిలిచిన అంచనా 1,207 పౌనులు. తూచగా వచ్చిన బరువు 1,198 పౌనులు. భేదం తొమ్మిది పౌనులే!

ఇందులో మాయ లేదు. ఒకరు ఎక్కువ చెప్పగా మరొకరు తక్కువ చెప్పినారు. అటూ ఇటూ జరిగిన తప్పులు పరస్పరం కొట్టివేసుకొనగా, అందరూ కంటితో చూచి గ్రహించిన నిజం మిగిలినది. ఎద్దును ఎన్నడూ ఎరుగనివారు వేయిమంది ఊహించినా బరువు తేలదు. అంతకంటె ముఖ్యం, ప్రతివారూ తమంత తాము లెక్కించి వ్రాయడం. ఈ ఫలితాన్ని 1907లో ‘నేచర్’ పత్రికలో ప్రకటిస్తూ, ఉపన్యాసాల ఉద్రేకం ఈ అంచనాలను సోకలేదని గాల్టన్ ప్రత్యేకించి చెప్పినారు. వాగ్ధాటి గల పెద్దమనిషి ఎవరైనా ముందుగా లేచి 1,500 పౌనులని చాటి ఉంటే, తక్కినవారు ఆ సంఖ్య చుట్టూ తిరిగేవారు. అప్పుడు చీటీలు 787 అయినా అభిప్రాయం ఒక్కటే.

ప్రాచీన గ్రంథాలను పరిష్కరించే పండితులకు ఈ నియమం చిరపరిచితం. పుణెలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ 1919లో చేపట్టి 1966లో ముగించిన సంస్కృత మహాభారత పరిష్కరణకు వేయికి మించిన వ్రాతప్రతులను పరిశీలించినారు. వేర్వేరు లేఖకులు వేర్వేరు చోట్ల తప్పుతారు గనుక, ప్రతులను సరిపోల్చితే తప్పు బయటపడుతుంది. పది ప్రతులూ ఒకే మాతృకను చూచి వ్రాసినవైతే, మాతృకలోని తప్పు పదింటిలోను ఉంటుంది. అవి పది సాక్ష్యాలు కావు, ఒక్కటే.

తరగతిలో ప్రశ్న వేయగానే మొదట చెయ్యెత్తిన విద్యార్థి జవాబే తరచుగా అందరి జవాబు అవుతుంది. ముందు ప్రతివారూ తమ జవాబును కాగితంపై వ్రాసుకొని, ఆ తరువాత చర్చకు పూనుకొంటే, వెనుక బల్లపై మౌనంగా కూర్చున్న పిల్లవాని ఆలోచన కూడ లెక్కకు వస్తుంది. ఒక్కొక్కప్పుడు అందరి తప్పునూ సరిదిద్దేది అదే కావచ్చు.