నాన్న స్పీకర్లు మళ్లీ పాడాయి!

మా హాల్లో నాన్న ముచ్చటపడి కొన్న ఆంప్లిఫయర్, రెండు పెద్ద స్పీకర్లు ఐదేళ్లుగా మూగబోయాయి. సీడీ ప్లేయర్ పాడైంది. పాటలన్నీ నా హార్డ్‌డిస్క్‌లోకి చేరాయి. ఫోన్‌లో వినబుద్ధికాక నాన్న పాటలే మానేశారు.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్‌కి హార్డ్‌డిస్క్ తగిలించా. దానికి, ఆంప్లిఫయర్‌కి మధ్య డాక్ పెట్టా. ఫైల్‌లోని అంకెల్ని ఆంప్లిఫయర్‌కి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చేది ఇదే. ఇక ఫోనే రిమోట్!

మొదటి పాటకే నాన్న మొహం చిట్లించారు. "తాళాలు మోగినట్టు లేదురా, ఇసక జల్లినట్టుంది."

తప్పు నాదే. కాలేజీ రోజుల్లో చోటు చాలక సీడీలన్నీ 128 కేబీపీఎస్ ఎంపీ3లుగా కుదించేశా. అలా పోయిన శబ్దం ఎంత ఖరీదైన డాక్ పెట్టినా తిరిగి రాదు. ఆ ఎంపీ3ని ఫ్లాక్‌గా మార్చినా సైజు పెరుగుతుందంతే!

అదృష్టం, సీడీల్ని అమ్మ అటక మీద దాచింది. రెండు రోజులు కూర్చుని అన్నీ ఫ్లాక్‌లోకి ఎక్కించా. సీడీలో ఉన్నది ఉన్నట్టే వస్తుంది, చోటు మాత్రం సుమారు సగమే.

ఆ రాత్రి పదకొండైనా నాన్న సోఫా దిగలేదు. మీ ఇంట్లోనూ పాత సీడీలుంటే పారేయకండి. ముందు అటక వెతకండి!