మునిగిన ఓడను చూచి వచ్చువారికి

దిల్‌సుఖ్‌నగర్‌నుండి ఏ దిక్కునకు బయలుదేరినను సముద్రము రెండువందల యాభై కిలోమీటర్లకు పైబడిన దూరముననే ఉన్నది. అయినను శుక్రవారము రాత్రి ఎల్.బి.నగర్ చౌరస్తాలో విశాఖపట్టణము బస్సునకై నిలుచు యువజనులలో కొందరు ఋషికొండకు పోవునది స్నానమునకు కాదు. వీపున సిలిండరు కట్టుకొని కడలి అడుగు చూచుటకు.

ఆ తీరమున తూర్పుకనుమల రాళ్లు నీటిలోనికే దిగియున్నవి. భీమునిపట్టణమునకు ఉత్తరమున చింతపల్లి కడ 1847లో దీపస్తంభము నిలిపినది, ఓడలను అచటి రాళ్లనుండి తప్పించుటకే. ఆ చింతపల్లి ఎదుటనే మునిగియున్న పాత ఓడ యొకటి నేడు డైవర్లకు యాత్రాస్థలము. రాతిని అంటి బ్రతుకు జీవులు ఇనుపరేకును కూడ రాయియే అనుకొని కాపురము పెట్టును. వాటి వెంట చేపలు చేరును. 1971 డిసెంబరులో విశాఖ యెదుట మునిగిన పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ సంగతి వేరు. అది నావికుల సమాధి. వినోదమునకు మునుగువారి హద్దు 40 మీటర్లు కాగా అది అంతకంటె మిక్కిలి లోతున ఉన్నది.

మూడంతస్తుల డాబాపై నీళ్లట్యాంకు ఉన్నదనుకొందము. క్రింది కుళాయిలో నీరు విసురుగా వచ్చుట పైనున్న 10 మీటర్ల నీటి బరువువలన. సముద్రమున అంత లోతు దిగినవానిపై ఆ బరువు మామూలు గాలి ఒత్తిడికి తోడై, మొత్తము రెట్టింపగును. సిలిండరులోనిది వట్టి ప్రాణవాయువని పలువురు తలతురు. సాధారణముగా అది మనము పీల్చు గాలియే, కుదించి నింపినది. లోతునకు తగిన ఒత్తిడితో దానిని నోటికందించు సాధనమును 1943లో ఫ్రాన్సులో కూస్తో, గాన్యా అనువారు కూర్చిరి.

ఆ గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజని. ఒత్తిడిలో అది నెత్తురునందును కండలయందును కరగును. మెల్లగా పైకి వచ్చినచో ఊపిరితో వెడలిపోవును; తొందరపడినచో గోలీసోడా కొట్టినట్లు బుడగలు లేచును. అందువలననే నిమిషమునకు 9 మీటర్లకు మించి పైకి రానీయరు. 5 మీటర్లకడ మూడు నిమిషములు ఆపుదురు. ఊపిరి బిగబట్టి పైకి వచ్చుట అంతకంటె ప్రమాదము, ఊపిరితిత్తులే చిరుగవచ్చును.

ఇంతవరకు శిక్షకుడు చూచుకొనును. మా ఆందోళన యంతయు ఆ తరువాతి సంగతిని గూర్చియే. ఆదివారము ఉదయము మునిగి, సోమవారము కచ్చేరీకి అందవలెనని సాయంత్రమే విమానమెక్కువారు కలరు. విమానములోని గాలి ఒత్తిడి 2,400 మీటర్ల కొండపైనున్నంతకు తగ్గవచ్చును. ఒంటిలో మిగిలిన నత్రజని అచట బుడగ కట్టవచ్చును. ఒక్కసారి మునిగినవారు 12 గంటలు, పలుమార్లు మునిగినవారు 18 గంటలు ఆగవలెనని నిపుణులు చెప్పుదురు. ఆనాడే అరకు చూచివత్తమనుటయు ఇట్టిదే. అది 900 మీటర్లకు పైని లోయ. హైదరాబాదు ఎత్తు 540 మీటర్లే గనుక, విసుగైనను రాత్రి బస్సే మేలు.

ఇంటికి వచ్చిన పిదప కీళ్లనొప్పియో, తిమ్మిరియో, ఎన్నడులేని నీరసమో తోచినచో బస్సులో కూర్చున్న బడలిక యని తైలము రాచి ఊరకుండరాదు. ఎన్ని మీటర్లు మునిగినది, ఏ గంటకు పైకి వచ్చినది వైద్యునికి మొట్టమొదట చెప్పవలెను. ఆ మాట తెలిసినగాని ఆయనకు ప్రాణవాయువు పెట్టవలెనని, ఒత్తిడిగదికి పంపవలెనని తోచదు.